మెడలో విజిల్

గని కప్పు కూలి మా బాపు పోయిన మరుసటి ఎండాకాలం, అమ్మ నన్ను కాలనీ గ్రౌండులో జరిగే సమ్మర్ క్యాంపుకు పంపింది. రోజూ ఆట మధ్యలో పక్కనున్న ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగేది. ఆ వెంటనే బొగ్గు కోసం రాళ్లు పేల్చే బ్లాస్టింగ్‌కు నేల అదిరేది. నేను బెంచీ కిందికి దూరేదాన్ని.

భయపడకు అన్నవాళ్లు చాలామంది. వాలీబాల్ నేర్పే అక్క మాత్రం తన విజిల్ తీసి నా మెడలో వేసింది.

“సైరన్ కాంగనే ఆట ఆపు. బ్లాస్టింగ్ అయినంక నువ్వు ఊదితేనే మళ్ల ఆడుతరు. అప్పటిదాంక అందరం కూసుంటం.”

మర్నాడు సైరన్‌కు ఆట ఆపాను. నేల అదిరింది. అందరూ నా వైపే చూస్తూ కూర్చున్నారు. పెదాలు వణికి విజిల్ పలకలేదు. అక్క తొందరపెట్టలేదు. చివరికి ఊదాను, బంతి లేచింది.

ఆ అక్క ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇప్పటికీ బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరితే, నా చెయ్యి మెడలో లేని విజిల్‌ను వెతుక్కుంటుంది.