క్యాంపు చరిత్రలో లేని పేరు

కొల్లేటి గట్టున మా చర్చి యువజన క్యాంపు ఉంది. దాని యాభై ఏళ్ల పండగకి చరిత్ర రాసి చదివే పని, గోరంతని కొండంత చేస్తానని పేరున్న నాకే అప్పగించారు.

నేనేం తక్కువ తిన్నానా! కట్టించిన దొరగారు ఒంటిచేత్తో ఊబి పూడ్చారనీ, ఆయన్ని చూసి కొల్లేటి కొంగలన్నీ లేచి నిలబడ్డాయనీ పుస్తకం అచ్చేయించి అందరికీ పంచాను. మైకులో చదువుతుంటే చప్పట్లు అటు ఏలూరు, ఇటు తాడేపల్లిగూడెం దాకా వినబడి ఉంటాయి.

ముందు వరసలోంచి ఒక ముసలమ్మ లేచింది.

"బాబూ, మా ఆయన పేరు ఎప్పుడు చదువుతారండీ?"

"ఎవరమ్మా ఆయన?"

"ఈ ఊబిలోకి మట్టి మోసినాయనండీ. పునాది గోతిలో పాము కరిచి పోయాడు. ఇవాళ చరిత్ర చదువుతారంటే గణపవరం నుంచి మొదటి బస్సుకే వచ్చానండీ."

చప్పట్లు ఆగిపోయాయి. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను పుస్తకంలోకి చూశాను. అందులో దొరగారి కుక్కకి కూడా పేరుంది, ఆయనకి లేదు. రాసేముందు మట్టి మోసినవాళ్ల గడప ఒక్కటైనా తొక్కలేదు నేను.

"పేరు చెప్పమ్మా."

"యేసుదాసండీ."

మైకులో చదివాను. స్టేజి దిగాను. ఆమె చేతిలోని పుస్తకం తీసుకుని పెన్నుతో ఆ పేరు రాశాను.

"ఇంకేం రాయమంటారమ్మా? గొప్పగా రాస్తాను."

"వద్దు బాబూ. మట్టి మోశాడు, ఇక్కడే పోయాడు. అంతే రాయండి."

అంతే రాశాను. అంత చిన్న మాట రాయడానికి అంతసేపు నాకెప్పుడూ పట్టలేదు.