అంతోని గారి తాడు

పటమట అంతోని గారికి దేవుడు నోరిచ్చాడు. ఆయన మాత్రం ఇంట్లో తాడుతోనే మాట్లాడతారు.

నేవీలో ముప్పై ఏళ్లు నీళ్ల అడుగున పనిచేశారు. ఇప్పటికీ కాలవ లాకుల తలుపు బిగుసుకుపోతే ఆయన్నే దించుతారు. బురదనీళ్లలో తన చెయ్యి తనకే కనపడదు, నడుముకు కట్టిన తాడే దిక్కు. ఒకసారి గుంజితే క్షేమమని, రెండుసార్లయితే తాడు ఇంకాస్త వదలమని, మూడుసార్లయితే పైకి లాగమని.

రిటైరయ్యాక ఆ తాడు ఇంటికొచ్చింది. ఒక కొస వరండాలో ఆయన నడుముకు, రెండో కొస వంటింట్లో భార్య తెరేసమ్మ చేతికి. రెండుసార్లు గుంజితే కాఫీ వస్తుంది. మూడుసార్లయితే ఆవిడే వచ్చి, "ఫాదర్ గారు రమ్మంటున్నారండీ" అంటూ ఆయన్ని చుట్టాల మధ్యనుంచి లాక్కుపోతుంది. ఓసారి ఉయ్యూరు బావమరిది జీవరత్నం తెలియక తాడు మీద కాలేసి కూర్చుని, మూడు గంటలపాటు చెరకు రేటు గురించి చెప్పాడు.

"సముద్రం అడుగున కూడా నాకంతలా ఊపిరాడకుండా పోలేదు" అంటారు అంతోని గారు.

కొత్త కోడలు డయానా ఆ తాడు తట్టుకుని రెండుసార్లు పడబోయింది.

"మామయ్యా, నోటితో పిలవచ్చుగా?"

"అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోకపోతే నాకు కంగారమ్మా."

ఆ వారమే గుడిలో పాటల బృందం నడిపే యేసుకుమార్ వచ్చి, "ఆంటీ, రెండు వారాల్నుంచి పాట ఆలస్యంగా ఎత్తుకుంటున్నారు. ఈ ఆదివారమూ అంతే అయితే మొదటి పాట మన బృందంలో చిన్నపిల్ల దీవెనకిచ్చేస్తానండి" అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ పాట తెరేసమ్మది. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

ఆదివారం ముందు వరుసలో కూర్చున్న మామగారి వేలినుంచి సన్నని గాలపు దారం ఒకటి అత్తగారి కొంగు కిందికి పోవడం డయానా కంటపడింది. హార్మోనియం మోగింది. వేలు ఒకసారి కదిలింది. తెరేసమ్మ పాట సరిగ్గా అందుకుంది.

"అత్తయ్యకి వినపడదా?" అంది డయానా మామగారితో గుసగుసగా.

"తనకి చెవుడని తెలిస్తే పాట మానేసి మూల కూర్చుంటుంది. దానికంటే నా పిచ్చే నయం. పటమటంతా ఎప్పుడో నమ్మేసింది."

యేసుకుమార్ దణ్ణం పెట్టాడు. మొదటి పాట తెరేసమ్మకే ఉండిపోయింది.

ఆటో ఎక్కాక ఆవిడ కోడలి దగ్గరికి జరిగింది. "చూశావా, మీ మామయ్య గుళ్లో కూడా వదల్లేదు. దారం గుంజగానే నేను పాట ఎత్తుకోవాలంట, లేకపోతే ఆయనకి కంగారంట. పెద్దాయనైపోయాడు పాపం, మనమే సర్దుకుపోవాలి. ఆయన్నేం అనకమ్మా."

"అలాగే అత్తయ్యా" అంది డయానా, ఆటో అతను బ్రేకు వేసేంత గట్టిగా.