చేప పడని పిల్లి

నేను మా పిల్లి చేత చేపలు మాన్పించి దాన్ని మా కులంలో కలిపేసుకున్నానని మా వీధిలో చెప్పుకుంటారు. బందరులో ఒక కథ పుడితే దానికి కాళ్ళూ చేతులూ రావడానికి ఒక పూట చాలు. ఈ కథలో నేను మడి కట్టుకుని పిల్లికి పెరుగన్నం కలిపి పెడుతుంటాను, అది గుమ్మంలో కూర్చుని ఏకాదశులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. చెప్పేవాళ్ళకి తెలియని సంగతి ఒక్కటే. ఆ పిల్లి తింటున్నది వేటమాంసం, అంటే మేకపోతు మాంసం. మూడు తరాలుగా బడిపంతుళ్ళూ గుమస్తాలూ తప్ప మరొకరు పుట్టని మా ఇంట్లో, నా చేతులతో నేను ఉడికించిన వేటమాంసం.

రెండో కథ మా అత్తగారిది. తాను రాసిన పసుపూ కొబ్బరినూనె వల్లే పిల్లి ఒళ్ళు బాగుపడిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఆ పసుపు నూనె పిల్లి ఒంటి మీద ఎంతసేపు ఉందో నేను చూశాను. అది సోఫా ఎక్కేంతసేపు. ఆ మరక సోఫా మీద ఇప్పటికీ ఉంది. సోఫాకి మాత్రం ఏ జబ్బూ రాలేదు, ఆ మాట నిజమే.

కాబట్టి జరిగింది నేనే చెబుతాను.

పిల్లిని మేము తెచ్చుకోలేదు. బూడిదరంగు చారల ఆడపిల్లి, ఒక వర్షాకాలం మా పెరట్లో నీళ్ళ మోటారు మీద కప్పిన గోనెపట్టా కిందికి వచ్చి చేరింది. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. గుడివాడలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి, రైలు దిగి ఇంటికి వచ్చేసరికి నాకు గొంతు ఉండదు. ఆ వేళకి నా చేత ఒక్క మాట కూడా మాట్లాడించకుండా ఒళ్ళో పడుకునే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. నాకది కావాలి. అంతకు మించిన సంజాయిషీ ఎవరికీ ఇవ్వను.

మూడో ఏడు దానికి గోకుడు మొదలైంది. ముందు చెవుల వెనక, తర్వాత మెడ, తర్వాత కళ్ళ పైన. వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి, రసి కారేది. తిన్నది కక్కేది. వీధి వీధంతా వైద్యులైపోయారు. ఒకాయన గంధకం అన్నాడు, ఒకావిడ వేపాకు ముద్ద అంది, ఎదురింటి పెద్దమనిషి దిష్టి తియ్యమన్నాడు.

"ఎవరి దిష్టి తగిలిందంటారు, ఎలకలదా?" అని అడిగాను.

"మీతో మాట్లాడటం కష్టమండీ," అన్నాడాయన. ఆయన జీవితంలో చెప్పిన నిజాల్లో అదొకటి.

గిలకలదిండి రేవు నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఆమె ఒకామె ఉండేది. మేము చేపలు కొనం కాబట్టి మా గేటు దగ్గర ఆగే పని ఆమెకి లేదు. అయినా పిల్లి కోసం ఆగేది. బుట్ట దించి, చితికిన చిన్నచేపలు రెండు గోడ మీద పెట్టి వెళ్ళేది. ఒక రోజు పెట్టలేదు. పిల్లి గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అమ్మగారూ, దీనికి చేప పడట్లేదండి. ఇంక నేను పెట్టను."

"పిల్లికి చేప పడకపోవడమేమిటమ్మా? రేపు గేదెకి గడ్డి పడదంటావు."

"పడని గేదె కూడా ఉంటదండి," అని బుట్ట నెత్తికెత్తుకుంది.

నేను నవ్వాను. మర్నాడు స్టాఫ్‌రూములో చెప్పి అందరినీ నవ్వించాను. జువాలజీలో డిగ్రీ ఉన్నదాన్ని కదా, నవ్వే అర్హత నాకుంది.

పుండు కంటి దాకా పాకాక పిల్లిని మూత బుట్టలో పెట్టి గుడివాడ రైలెక్కాను. ఎదురు సీటాయన బుట్టలోంచి వచ్చే అరుపు విని, "ఏవండీ, పిల్లి ఎదురొస్తేనే పని కాదంటారు, మీరు వెంట తీసుకెళ్తున్నారే, ఇంక మీ పని అయినట్టే," అన్నాడు. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా లైనులో టికెట్టు కొన్న ప్రతివాడూ వినోదం కూడా అందులోనే కలిపి ఉందనుకుంటాడు.

పశువుల డాక్టరు నా దగ్గర చదివిన పిల్లల వయసువాడు. నందివాడ నుంచి వచ్చిన రెండు గేదెల తర్వాత మా వంతు వచ్చింది. పిల్లిని చూసి, "తిండి పడకపోవడం కావచ్చు మేడమ్. చేపో, కోడో, పాలో," అన్నాడు.

అదే మాట గేటు దగ్గర విని నవ్విన నేను, ఇక్కడ బుద్ధిగా తలూపాను. అతని గోడ మీద పటం కట్టిన సర్టిఫికెట్టు ఉంది మరి.

"ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. అదే పనిగా ఇస్తూ పోతే షుగరు తెచ్చుకుంటుంది. కారణం పట్టుకోవాలి. ఇది పుట్టాక ఎప్పుడూ తినని మాంసం ఒక్కటే, ఎనిమిది వారాలు పెట్టండి. దాంట్లోకి ఒక పొడి ఇస్తాను. ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ వద్దు. వేరే ఏదీ దాని నాలుక్కి తగలకూడదు. తగ్గితే అప్పుడు పాతవి ఒక్కొక్కటే పెట్టి చూద్దాం. ఇంతవరకు ఏమేం తిన్నదో రాయండి."

బల్ల మీద కూర్చుని రాశాను. అది పిల్లి తిండి జాబితా కాదు, మా వీధి దానధర్మాల జాబితా. చేప తలకాయలు, రొయ్య పొట్టు, కోడి తోలు, కోడి కాళ్ళు, విరిగిన పాలు, పగిలిన గుడ్డు. ఎవరికీ అక్కర్లేనివన్నీ ఉన్నాయి. వేటమాంసం మాత్రం లేదు. ఎన్ని ఆదివారాలు గడిచినా ఏ ఇంటివాళ్ళూ దానికి ఒక్క ముక్క వెయ్యలేదు. మూలుగు పీల్చిన ఎముకని కూడా మర్నాడు పప్పుచారులో వేసుకునే జనం. వీళ్ళ దయ పిల్లికి రోగం తెచ్చింది, వీళ్ళ పిసినారితనం దానికి మందు మిగిల్చింది.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు జపమాల పక్కన పెట్టారు.

"ఎనిమిది వారాలన్నాడుగా, చూద్దాం. తొమ్మిదో వారం ఆ పుండ్ల పిల్లి ఈ ఇంట్లో కనబడితే గోనెసంచిలో కట్టించి పులిగడ్డ వంతెన దాటిస్తాను."

నది దాటించిన పిల్లి తిరిగి రాదని మా వైపు నమ్మకం. అందుకని ఇక్కడ అక్కర్లేని పిల్లుల్ని దివిసీమలో వదిలి వస్తారు. దివిసీమ వాళ్ళు తమకి అక్కర్లేనివి తెచ్చి ఇటు వదులుతారట. రెండు ఒడ్లవాళ్ళూ తెలివైనవాళ్ళే. నేను మా ఆయన వంక చూశాను. ఆయన పేపరు తిప్పారు. ఆయన అభిప్రాయం ఎప్పుడూ తర్వాతి పేజీలో ఉంటుంది.

పిల్లిని వీధి వైపు గదిలో పెట్టి తలుపు వేశాను. ఇక మాంసం ఎవరు వండాలి? మా అత్తగారు ఒప్పుకోరని అందరితో అన్నాను. నిజం చెప్పాలంటే నేను ఆవిడని అడగనే లేదు. నా గిన్నెలు, నా పొయ్యి, నా చేతులు, వీటిని తప్పించడానికి ఆవిడ పేరు పనికొచ్చింది. పక్కింటావిడ నన్ను వదినగారూ అని పిలుస్తుంది, చెయ్యి పెద్దది, మాట పెద్దది. అడగ్గానే ఒప్పుకుంది. వండే పద్ధతి చెబితే మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఉల్లీ వెల్లుల్లీ లేకుండా మాంసమా? తద్దినం వంటలాగుందే. మీ పిల్లి మీకంటే మడిగా ఉంది వదినగారూ."

రోజూ పొద్దున్నే నేను కాలేజీకి బయల్దేరేలోగా గోడ మీదుగా స్టీలు డబ్బా వచ్చేది. డబ్బా అడుగు కనబడేదాకా పిల్లి నాకేది. రెండో వారంలో కాస్త నయం అనిపించింది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఐదో వారానికి మెడ కింద కొత్తగా ఇంకో పుండు. మా అత్తగారు స్టోరు గదిలోంచి గోనెసంచి తీయించి, దులిపించి, దండెం మీద ఆరేయించారు. రోజూ బట్టలు తియ్యడానికి వెళ్ళి నేను దాన్ని చూసేదాన్ని.

ఎవరో దొంగతనంగా పెడుతున్నారు అనుకున్నాను. ఎవరో అంటే ఎవరు? కిటికీ ఊచల పక్క నుంచి నడిచేది, చేతిలో చేప ఉండేది ఆ గిలకలదిండి ఆమె ఒక్కతే. ఒక ఆదివారం వీధివాళ్ళంతా బుట్ట చుట్టూ మూగి ఉండగా గేటు తీసుకుని వెళ్ళి అడిగాను.

"కిటికీలోంచి దీనికి ఏం పెడుతున్నావు?"

"నేనెందుకు పెడతానండి? పడదని చెప్పింది నేనే కదండి."

"మరి పుండెందుకు మానలేదు? అదే రోజూ గిలకలదిండి నడిచెళ్ళి తినొస్తోందా?"

నలుగురు నవ్వారు. నా మాటకి నవ్వు రావడం నాకు అలవాటే. వంజరం ముక్క దగ్గర బేరం కుదరకపోతే వీధి చివరి దాకా వినబడే గొంతు ఆమెది. ఆ గొంతు ఆ రోజు తియ్యలేదు. తల మీద చుట్టకుదురు సర్దుకుని, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మా వీధిలోకి రాలేదు. మా వాళ్ళు చేపల కోసం పక్క వీధికి నడుస్తూ, మా గేటు ముందు కాస్త గట్టిగా నిట్టూర్చేవాళ్ళు.

ఆమె రావడం మానేసి వారమైంది. పిల్లి గోకుడు మానలేదు. మళ్ళీ గుడివాడ. డాక్టరు అంతా విని, "మాంసం ఎందులో ఉడికిస్తున్నారు మేడమ్?" అన్నాడు.

ఆరు వారాలు ఆ డబ్బా అందుకున్నాను, ఒక్కసారి ఆ వంటింట్లోకి తొంగి చూడలేదు. చూస్తే నాకేదో అంటుకుంటుందని.

ఆ సాయంత్రం వెళ్ళాను. పొయ్యి మీద నల్లటి మట్టి దాక ఉంది.

"మా అత్తగారి నాటిదండీ," అంది పక్కింటావిడ మురిపెంగా. "ఎన్నేళ్ళ చేపల పులుసు తాగిందో. సబ్బు తగలనివ్వను, తవుడుతో తోమి బోర్లిస్తాను. దీంట్లో ఉత్త నీళ్ళు కాచినా పులుసు వాసనే."

"పిల్లి మాంసం దీంట్లోనా?"

"దీంట్లోనే. చప్పిడి మాంసం మూగజీవం ఎలా తింటుందండీ? ఈ దాకలో అయితే ఏమీ వెయ్యకపోయినా రుచి దిగుతుంది. ఎలా నాకేదో మీరే చెప్పారుగా."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఆవిడ తన ఇంట్లో ఉన్న అతి మంచి పాత్ర తీసి మా పిల్లికి వండింది. బుద్ధిలేనిది నేను. నా గిన్నె మైలపడకూడదని మాంసాన్ని పక్కింటికి పంపి, అక్కడి మట్టిపాత్ర పీల్చిన పులుసుని రోజూ కొంచెం కొంచెంగా పిల్లికి తాగించాను. మట్టి పీల్చుకుంటుందని తెలియడానికి డిగ్రీ కూడా అక్కర్లేదు.

స్టీలు గిన్నె ఒకటి, కరెంటు పొయ్యి ఒకటి కొని పెరట్లో మోటారు పక్కన పెట్టాను. మొదటి రోజు మాంసాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని కడిగాను. మూడో రోజుకి వంకాయలు కడిగినట్టే కడిగాను. మా వంశం కూలిపోలేదు.

ఎనిమిదో వారం ఆఖరి రోజున మా అత్తగారు గుర్తు చేశారు. "రేపు మనిషి వస్తాడు, సంచి సిద్ధంగా ఉంది."

"ఈ గిన్నె పెట్టి రెండు వారాలే అయిందండీ. మళ్ళీ మొదటి నుంచి లెక్క."

"లెక్కంటే లెక్కే. మధ్యలో మార్చడానికి వీల్లేదు."

"మీరు మడి కట్టుకుని వంట చేస్తుంటే మధ్యలో ఎవరైనా తగిలారనుకోండి. ఉన్నది ఉన్నట్టు కానిచ్చేస్తారా, మళ్ళీ స్నానం చేసి మొదలుపెడతారా?"

ఆవిడ జపమాలలో రెండు పూసలు తిప్పారు.

"మళ్ళీ స్నానం చెయ్యాలి," అన్నారు చివరికి.

"దీని మడి పులుసు తగిలి పోయింది. ఇప్పుడు మళ్ళీ పట్టింది. ఎనిమిది వారాలు."

సంచి దండెం మీంచి దిగలేదు, కానీ మనిషి రాలేదు. నాలుగో వారానికి గోకుడు ఆగింది. ఆరో వారానికి కంటి మీద సన్నటి నూగు వచ్చింది. ఎనిమిది నిండాక డాక్టరు చెప్పినట్టు ఒక్కొక్కటే పెట్టి చూశాను. పాలు ఏమీ చెయ్యలేదు. కోడి ఏమీ చెయ్యలేదు. పక్కింట్లోంచి వేలెడు చేప ముక్క తెచ్చి పెట్టాను, రెండో రోజు పొద్దున్నే పిల్లి చెవి వెనక గోక్కుంది. అంతే. గోనెసంచి మా అత్తగారే తీసి కాళ్ళు తుడుచుకోవడానికి పెరటి గుమ్మంలో వేశారు. పిల్లి ఇప్పుడు దాని మీదే పడుకుంటోంది.

అప్పుడు గిలకలదిండి వెళ్ళాను. వేలంపాట అయిపోయి, ఆమె ఐసు పెట్టెల పక్కన కూర్చుని చేపలు బుట్టకెత్తుకుంటోంది. తప్పు నాదేనని ముందే అన్నాను, గొంతు తగ్గించకుండానే. అక్కడి నలుగురూ తిరిగి చూశారు. చూడనీ. నేను నింద వేసిన రోజు వినడానికి కూడా నలుగురున్నారు.

"పిల్లి బాగుందాండి?" అంది.

"బాగుంది. చేపే పడటం లేదు. నీకెలా తెలిసింది?"

"చేప కొనేవాళ్ళకే కబుర్లండి. మీరు కొనరు కదా," అని నవ్వి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అదే జవాబు. ఇప్పటికీ పక్క వీధి దాకానే వస్తోంది, మా వీధిలోకి ఇంకా రాలేదు. నాకు పదహారు వారాలు, ఒక డాక్టరు, ఒక స్టీలు గిన్నె, అత్తగారితో ఒక యుద్ధం పట్టిన సంగతి అది. పిల్లి మొహం అటొకసారి ఇటొకసారి తిప్పి చూసినంతలో ఆమెకి ఏం కనబడింది?