పిన్ని అడిగిన కుర్చీ

మీకు ఆస్పత్రిలో సెలైను పెట్టిన నర్సు, మీరక్కడ ఉన్నన్ని రోజుల్లో ఒక్కసారైనా కూర్చోవడం చూశారా? గుర్తు తెచ్చుకోండి. డాక్టరు ముఖం గుర్తుంటుంది, పక్క మంచం ఆయన గురక కూడా గుర్తుంటుంది. ఆవిడ కూర్చుందో లేదో మాత్రం గుర్తుండదు. ఇలా నిలదీసే హక్కు నాకుంది. ఒడిశాలోని బరంపురంలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతూ, నర్సుల మనసు ఎందుకు అలసిపోతుంది, ఎందుకు విరిగిపోతుంది అన్నదాని మీదే పరిశోధన చేసి రిటైరయ్యాను. మొన్న పోస్టులో ఒక ఆహ్వానం వచ్చింది. ఊళ్ళో ఒక ఆస్పత్రివారు నర్సుల దినోత్సవంనాడు నాకు శాలువా కప్పుతారట. ‘నర్సుల మానసిక సంక్షేమానికి జీవితాన్ని అంకితం చేసినందుకు’ అని బంగారు రంగు అక్షరాల్లో అచ్చువేశారు. అంకితమూ లేదు, గింకితమూ లేదు. నేను జీవితమంతా చేసింది పగ తీర్చుకోవడం. ఆ పగ సరిగ్గా ఆ ఆస్పత్రి మీదే.

మా పిన్ని, అంటే అమ్మకు చెల్లెలు, అక్కడ నర్సు. బజారులో నాన్నకు పప్పుల దుకాణం ఉండేది. దాని వెనక ఇంట్లో మాతోనే ఉండేది పిన్ని. కందిపప్పు వాసన, ఆవిడ చీర గంజివాసన, ఫినాయిలు వాసన కలిస్తే నాకు ఇప్పటికీ ఇల్లు అనిపిస్తుంది. డ్యూటీ దిగి రాగానే ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ బాల్చీలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. “నా కాళ్ళు నా మాట ఇనట్లేదే పిల్లా. ఆటికేటి కావాలో నువ్వడిగి సూడు” అనేది. నేను చిన్నదాన్ని. వంగి, నిజంగానే ఆ కాళ్ళను అడిగేదాన్ని. నా పరిశోధనలో మొదటి ఇంటర్వ్యూ అదే. సమాధానం రాలేదు గానీ, ప్రశ్న మాత్రం తప్పు కాదు.

నేను కాలేజీలో చేరాక, ఒక ఠాకురాణి యాత్ర రోజుల్లో జరిగింది అసలు సంగతి. రెండేళ్ళకోసారి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికొస్తుందని ఊరంతా వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతుంది. అమ్మవారికి పుట్టింటి సెలవుంది, నర్సులకు లేదు. తోటివాళ్ళు ఇద్దరు జ్వరాలతో పడిపోతే, పిన్ని మూడు రోజులు ఇంటికి రాకుండా వార్డు నడిపింది. మూడో రోజు మధ్యాహ్నం నేను కేరేజీ పట్టుకెళ్ళేసరికి, ఆవిడ చేతిలోని సూదుల ట్రే కింద పడింది. జుట్టు ఊడింది. ఊగిపోతూ, “నన్ను కూకోనియ్యండి! ఒక్కసారి కూకోనియ్యండి!” అని అరిచింది. మంచం మీదున్న ఒక ముసలమ్మ లేచి దణ్ణం పెట్టేసింది. “ఓలమ్మా, తల్లి ఒచ్చీసింది! ఆసనం అడుగుతోందర్రా, తెండి!” అంది.

తెచ్చారు. పెద్దడాక్టరు గదిలోంచి ఆయన కుర్చీయే తెచ్చారు, ఎందుకంటే ఆ వార్డులో నర్సు కూర్చోవడానికి ముక్కాలి పీటైనా లేదు. పూలదండ వేశారు, హారతిచ్చారు. చివరికి పెద్దడాక్టరు, ఇంగ్లండు వెళ్ళొచ్చిన మనిషి, బూట్లు విప్పి వంగి, “మా, మో ప్రమోషన్ కథా టికే దేఖ” అన్నాడు. ప్రమోషను సంగతి కాస్త చూడమని ఒడియాలో వేడుకోలు. కుర్చీ తగలగానే పిన్నికి నిద్ర పట్టేసింది. సమాధి అన్నారు. నేను లేపబోతే, “దేవిని ముట్టుకుంటావేటి, బుద్ధి లేదా?” అని ముసలమ్మ నా చెయ్యి లాగేసింది.

యాత్ర ముగిసింది. అమ్మవారు గుడికెళ్ళిపోయింది. వెంటనే పెద్దడాక్టరుకు సైన్సు గుర్తొచ్చింది. పిన్ని సర్వీసు పుస్తకంలో ‘మతిస్థిమితం లేదు, వార్డు పనికి తగదు’ అని రాసి ఇంటికి పంపేశాడు. దేవతా, పిచ్చిదా అని ఊరు రెండుగా చీలి వాదించుకుంది. నిద్ర లేదన్న మూడో మాట ఒక్క బుర్రకూ తట్టలేదు. పిన్ని ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద ఎక్కించుకుని, సముద్రపొడ్డున సోనేపూర్ వెళ్ళి, బెస్తల ఇళ్ళలో కట్లు కడుతూ బతికింది. ఆ వాక్యాన్ని కొట్టించి తీరతానని నేను ఒట్టుపెట్టుకున్నాను. చదివిన చదువంతా అందుకే.

కానీ నా మొదటి దెబ్బ నాకే తగిలింది. లెక్చరరునయ్యాక అదే ఆస్పత్రి నర్సుల మీద సర్వే చేశాను. తెలివితక్కువగా, ప్రశ్నల కాగితాలు నర్సుల మీద పెత్తనం చేసే మేట్రను చేతికిచ్చి పంచమన్నాను. అన్నీ ఒకే సిరాతో, ఒకే చోట టిక్కులతో తిరిగొచ్చాయి. ‘సంతోషంగా ఉన్నాను.’ నేనూ అలాగే నివేదిక అచ్చువేశాను. ఆస్పత్రివారు దాన్ని అద్దాల ఫ్రేము కట్టించి గుమ్మం పక్కన తగిలించారు! సోనేపూర్లో పిన్ని దాన్ని మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, “దీన్ని మా మేట్రను రాసిందా, నువ్వు రాసినావా?” అంది. కాగితాలు ఆవిడే పంచిందని ఒప్పుకున్నాను. “ఎలాగున్నావని అడిగితే ఏటి సెప్తారే? బాగున్నానంటారు. ఆకర్ని ఎప్పుడు కూకున్నావని అడుగు. మేట్రను లేని సోట అడుగు.”

మేట్రను లేని చోటు ఇచ్ఛాపురం బస్సు. పొద్దున్నే డ్యూటీ దిగి సరిహద్దు ఊళ్ళకు పోయే నర్సులు అందులో ఎక్కేవాళ్ళు. రెండేళ్ళు ఆ బస్సెక్కాను. ఒకే ప్రశ్న అడిగాను. “కూకోడమా? ఈ బస్సులోనే మేడమ్, అదీ సీటు దొరికితే!” అని నవ్విందొకామె. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ జవాబులన్నీ ఆ ఆస్పత్రి హాల్లోనే ఒక సభలో చదివాను. వేదిక మీద పెద్దడాక్టరు, ప్రమోషను పుచ్చుకుని, ఇంకా పెద్దవాడై కూర్చున్నాడు. “మా నర్సులు సంతోషంగా ఉన్నారని మీరే రాశారు కదమ్మా” అన్నాడు. “రాశాను. అది అబద్ధం. దేవతకు మీ కుర్చీ ఇచ్చారు, నర్సుకు స్టూలు ఇవ్వలేకపోయారా?” అన్నాను. ఆయన ముఖం మాడింది. ఆ క్షణాన్ని నేను ఇప్పటికీ చప్పరిస్తుంటాను, సిగ్గేమీ పడను. నర్సుల మీద జరుగుతున్న ఆ సభలో నర్సులందరూ పూలగుత్తులు పట్టుకుని గోడవారన నిలబడే ఉన్నారు. రండి, నా కుర్చీలో కూర్చోండి అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఆ ఓటమినీ దాచను. తర్వాత ఫ్రేము దిగింది, వార్డుకొక స్టూలు వచ్చింది. వాక్యం మాత్రం అలాగే ఉంది. పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. వాక్యం బతికే ఉంది.

అందుకే ఆహ్వానానికి జవాబు రాశాను. ముందు పిన్ని సర్వీసు పుస్తకాన్ని వేదిక మీదికి తెచ్చి, ఆ వాక్యం కొట్టేసి, సంతకం పెట్టండి, తర్వాత శాలువా అని. పాత పుస్తకాలను చెదలు తినేశాయట. ఫరవాలేదు, పిన్ని చేతి రాతతో కాగితం నా దగ్గరుంది. వెళ్తాను. దాన్ని చదువుతాను. గోడవారనున్న చివరి నర్సు కూర్చునేదాకా నేనూ కూర్చోను.

ఇక మీ పని. ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నర్సును దేవతా అనకండి, బాగున్నావా అని అడగకండి. ఎప్పుడు కూర్చున్నావని అడగండి. ఆవిడ పేరు బయటపెట్టకుండా, ఆ జవాబును కాగితం మీద రాసి, కింద మీ పేరు పెట్టి, పెద్దడాక్టరు బల్ల మీద పడెయ్యండి. కాలం కుర్చీలో ఉన్నవాడికి ఇట్టే గడిచిపోతుంది, నిలబడ్డవాళ్ళకే గడవదు. రేపు కాదు, ఇవాళే తీయండి కాగితం.