పింకీ గొంతు పోయాక దేవుడు నాకిచ్చింది

తల్లులారా, సహోదరులారా, ఈ పూట మీ అందరి ముందూ నిలబడి నోరు తెరిచి మాట్లాడగలుగుతున్నానంటే అది నా గొప్ప కాదు, ప్రభువు జాలి. మీలో చాలామందికి నేను పింకీగానే తెలుసు. ఆటోల్లో, పత్తి ట్రాక్టర్ల మీద, చీరాల మగ్గాల షెడ్లలో మోగిన ఆ మిరపతోట పాట నేను పాడిందే. అయితే ఇవాళ నేను చెప్పబోయేది ఆ పాట సంగతి కాదు, ఆ పాట పాడిన గొంతు పోయిన సంగతి.

ఒంగోలు అవతల ఒక ఊళ్ళో తిరునాళ్ళ ప్రోగ్రాం. జనం చేలగట్ల దాకా నిలబడున్నారు. పల్లవి బాగానే ఎత్తుకున్నాను. చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మైకు పోయిందనుకుని వేరే మైకు చేతికిచ్చారు, అందులోనూ నా ఊపిరే వినబడింది. మా ఆయన సురేష్ మా ట్రూపులోనే కీబోర్డు వాయిస్తారు, ఆయన నా మొహం చూసి విషయం తెలుసుకుని మిగతా పాటంతా వాయిద్యం మీదే నడిపించేసి, చెయ్యి పట్టుకుని నన్ను స్టేజీ దింపారు. కారులో కూర్చున్నాక కూడా నేను పాడుతూనే ఉన్నాను, పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు.

నా అసలు పేరు సువార్త. మాది పెదనందిపాడు దగ్గర పల్లె. నా చిన్నప్పుడే నాన్న చనిపోతే అమ్మ మిరపకాయ కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళి నన్ను పెంచింది. సండే స్కూల్లో పాటలు నేర్చుకున్నాను. ఒక క్రిస్మస్‌కి మా మందిరంలో సౌండు పెట్టడానికి వచ్చిన గుంటూరు ఆర్కెస్ట్రా వాళ్ళు నా పాట విని, పెళ్ళిళ్ళలో పాడతావా అమ్మా అని అడిగారు. అలా మొదలైంది. అక్కడే సురేష్ పరిచయమయ్యారు, పెద్దలు ఒప్పుకున్నారు, పెళ్ళయింది. తర్వాత మేనేజరు రమణగారు మా ట్రూపుని చేతిలోకి తీసుకుని నాకు పింకీ అని పేరు పెట్టి, సొంతంగా పాటలు రికార్డు చేయించి యూట్యూబ్‌లో పెట్టించారు. మిరపతోట పాట వచ్చాక నేను మందుల షాపుకెళ్ళినా ఫోటో అడిగేవాళ్ళు. ఆ పాటలు పాడినందుకు నేనిప్పుడు మీ ముందు సిగ్గుపడటం లేదండి. కష్టపడి పాడాను, జనం సంతోషపడ్డారు. కానీ పింకీ పెరిగేకొద్దీ సువార్త ఎక్కడుందో నాకే తెలియకుండా పోయింది.

గొంతు ముందే హెచ్చరించింది. బొంగురుపోయేది, వేడినీళ్ళు తాగేదాన్ని, మాత్రలు చప్పరించేదాన్ని, మరీ కష్టమైతే ప్రోగ్రాం ముందు ఇంజెక్షన్ చేయించుకునేదాన్ని. ఒంగోలు తర్వాత గుంటూరులో డాక్టరమ్మ చూసి, స్వరపేటిక మీద బుడిపెలు లేచాయి, ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. పాత గొంతు వస్తుందా అని కాగితం మీద రాసి అడిగాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. "మాట వస్తుందమ్మా. ఆ పై శ్రుతి వస్తుందని మాత్రం నేను చెప్పలేను" అన్నారు.

ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు మౌనం. ఆ తర్వాత గుసగుసలాంటి మాట వచ్చింది, అంతకుమించి రాలేదు. గుంటూరులో మా ఇంటి ముందు నుంచి ఆటో వెళితే అందులో నా పాటే వచ్చేది, కిటికీ వేసేసుకునేదాన్ని. ఫోను ఎత్తడం మానేశాను, తల దువ్వుకోవడం మానేశాను. సురేష్‌కి ఏం చెయ్యాలో తోచక మా అమ్మకి కబురు పెడితే, అమ్మ వచ్చి నన్ను పల్లెకి తీసుకుపోయింది.

పల్లెలో అందరూ నా కోసం ప్రార్థించారు, ఉపవాస కూటాలు పెట్టారు, వాళ్ళ ప్రేమని నేను తక్కువ చెయ్యను. కానీ ఆమెన్ అనగానే అందరూ నా నోటి వంకే చూసేవాళ్ళు. ఏమ్మా, ఏమన్నా తెలుస్తోందా అని అడిగేవాళ్ళు. నేను తల అడ్డంగా ఊపితే వాళ్ళ మొహాలు చిన్నబోయేవి, అది చూడలేక నాలో నేను కుంగిపోయేదాన్ని. చివరికి వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునే స్థితికి వచ్చాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రమణగారు కారులో వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు, పళ్ళు తెచ్చారు, ఆరోగ్యం అడిగారు. తర్వాత అసలు మాట చెప్పారు.

"నువ్వేం పాడక్కర్లేదమ్మా, నోరు కదిపితే చాలు. చీరాల వైపు పిల్ల ఒకతి దొరికింది, కళ్ళు మూసుకుని వింటే నువ్వే అనుకుంటారు. వెనక నుంచి ఆ పిల్ల పాడుతుంది, తన పేరు ఎక్కడా రాదు. పింకీ పింకీలాగే ఉంటుంది."

రేపు పొద్దున వస్తాను, ఆలోచించుకో అని వెళ్ళారు. అప్పుడు పల్లెలోనే ఉన్న సురేష్ మాత్రం, ఇది నీ గొంతు సంగతి, నువ్వే చెప్పాలి, ఏది చెప్పినా నేను నీ పక్కనే ఉంటాను అన్నారు. నేను ఒప్పుకుందామనే అనుకున్నాను సహోదరులారా. పింకీ లేకపోతే నేనెవరిని?

సాయంత్రం అమ్మ కోతల నుంచి వచ్చింది. మిరపకాయల మంటకి చేతులు ఎర్రగా ఉన్నాయి, మజ్జిగతో కడుక్కుంది. రమణగారి మాట నేను చెబితే విన్నది. నా మంచం పక్కన మోకాళ్ళూనింది. మా అమ్మకి చదువు రాదు, మనసులో ప్రార్థించడం కూడా రాదు, ఏదైనా పైకే అంటుంది.

"ప్రభువా, అందరూ దీని గొంతు ఇమ్మని నిన్ను అడుగుతున్నారు. నేను అది అడగటం లేదు తండ్రీ. ఇది పాడినా నాకు కూతురే, పాడకపోయినా కూతురే. ఇంటికి మనిషొస్తే లోపలికి పోయి దాక్కుంటోంది. ఆ భయం తీసెయ్యి అయ్యా. నా పిల్లని నాకియ్యి, చాలు."

ఆ మాటలు విన్నాక నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆపరేషన్ అప్పుడు కూడా అంత ఏడవలేదు. ఏడుస్తుంటే నాకు ఒకటి తెలిసింది. నన్ను కన్న తల్లే నా పాట అడగకుండా నన్ను అడుగుతుంటే, ఆ తల్లిని పుట్టించిన దేవుడు నన్ను పాట కోసం ప్రేమిస్తాడా? నా తండ్రికి నేను సువార్తనే గదా! ఎన్నాళ్ళుగానో గుండెల మీద కూర్చున్న భయం అక్కడే, ఆ మంచం దగ్గరే దిగిపోయింది. గొంతు ఇంకా రాలేదు, కానీ విడుదల వచ్చింది. దేవునికే మహిమ.

పొద్దున రమణగారు వస్తే దాక్కోలేదు, నేనే ఎదురెళ్ళి టీ ఇచ్చాను. ఉన్న గుసగుసతోనే చెప్పాను. "వద్దండి రమణగారూ. ఆ అమ్మాయి బాగా పాడుతోందంటున్నారుగా, ఆ అమ్మాయినే ముందు నిలబెట్టండి." ఆయన టీ తాగి, నువ్వు చెప్పిందే బాగుందమ్మా అని లేచారు. ఆ అమ్మాయి ఇప్పుడు తన సొంత పేరుతోనే పాడుతోంది. ఆ మధ్య ఫోన్ చేసి, అక్కా అని పిలిచింది.

ఆ వారమే స్త్రీల కూటానికి వెళ్ళాను. మా పల్లెలో శాంతమ్మ గారని పెద్దావిడ, పాటలు ఎప్పుడూ ఆవిడే ఎత్తుకుంటుంది, బాగా కింద శ్రుతిలో పాడుతుంది. నేను వెనక గోడకి ఆనుకుని, ఎవరికీ వినబడదులే అని ఆవిడ స్వరం కింద సన్నగా కలిపాను. ఎక్కడి నుంచో లావుగా, బరువుగా ఒక స్వరం వస్తోంది. అది నాదని నాకు వెంటనే తెలియలేదు. శాంతమ్మ గారు వెనక్కి తిరిగి చూసింది, పాట మాత్రం ఆపలేదు, పూర్తిగా పాడించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది. "ఇదివరకు నువ్వు పాడితే మేమంతా నోరు మూసుకుని వినేవాళ్ళమే. ఇప్పుడు నీతో పాటు మేమూ పాడొచ్చు."

డాక్టరమ్మ మళ్ళీ చూసి గాయం బాగా మానిందన్నారు, సాధన నేర్పారు, పాత ఎత్తుకి మాత్రం ఇక వెళ్ళొద్దన్నారు. ఆవిడ చేతుల్ని కూడా దేవుడే వాడుకున్నాడని నా నమ్మకం. సురేష్ నా కొత్త గొంతుకి తగ్గట్టు శ్రుతి దించి వాయిస్తారు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళతాను, మందిరాలకి వెళతాను, చీమకుర్తి క్వారీ కూలీల పాకల్లో కూడా పాడి వచ్చాను. ఇదివరకటంత పేరు లేదు, ఆ దిగులూ లేదు. నేను అడిగిన గొంతు దేవుడు తిరిగి ఇవ్వలేదు. నన్ను నాకు తిరిగి ఇచ్చాడు, ఆ తర్వాత ఆయనకి ఇష్టమైన గొంతు ఇచ్చాడు. ఆయనకి స్తోత్రం.

మీలో ఎవరైనా పోయినదాని కోసం ప్రార్థించి ప్రార్థించి అలిసిపోయి, మనుషుల్ని చూడలేక తలుపు వేసుకుని కూర్చుని ఉంటే, మీకు నేను చెప్పేది ఒక్కటే. ఆయన మీ పనిని చూసి మిమ్మల్ని పిలవలేదు. తలుపు తియ్యండి, ఉన్న గుసగుసతోనే ఆయనతో మాట్లాడండి, ఆయన వింటాడు. ఇప్పుడు ఒక పాట ఎత్తుకుంటాను. మీ అందరికీ అందే శ్రుతిలోనే పాడతాను, సిగ్గుపడకుండా కలవండి.