గ్లాయ్‌బిగె

కదిరి దగ్గరి పల్లెనుంచి వచ్చిన రామాంజులు ఆరేళ్ళుగా గల్ఫులో, అబూ హమూర్‌లో ఒక జర్మనీ కుటుంబానికి డ్రైవరు. పొద్దున స్టీరింగుకు కుంకుమ చుక్క పెట్టి, దండం పెట్టుకున్నాకే తాళం తిప్పేవాడు. అది చూసి మేడమ్ ఒకరోజు పిల్లలతో "గ్లాయ్‌బిగె" అని నవ్వింది.

వంటమనిషి రమీజాది రాయచోటి. జర్మనీ వాళ్ళ ఇళ్ళల్లోనే పదేళ్ళు చేసింది.

"ఏందక్కా ఆ మాట? తిట్టా?"

"తిట్టు గాదు నాయనా. దేవుణ్ణి నమ్మేవాళ్ళను అట్లంటారు. నమాజుకు లేస్తే నన్నూ అంటాది. మసీదుకు పోయినా, చర్చికి పోయినా, నీ మాదిరి స్టీరింగుకు మొక్కినా అదే మాట."

అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టే ఆ మాట రామాంజులుకు తెగ నచ్చింది. "ఏం గ్లాయ్‌బిగె, టీ ఉందా?" అనేవాడు. "దేవుడే ఇస్తాడు పో" అంటూనే రమీజా గ్లాసు నింపేది.

తల్లి ఆంజనమ్మ పోయినప్పుడు అతను ఊరికి పోలేకపోయాడు. ఏడాది తిరిగింది. సంవత్సరీకానికైనా తన చేత్తో పిండం పెట్టల్లని నాలుగు రోజులు సెలవడిగాడు.

"ఆ వారం మాకు చుట్టాలొస్తున్నారు రామ్," అంది మేడమ్ మెత్తగా. "నువ్వు గ్లాయ్‌బిగె కదా, నీ దేవుడు ఇక్కడా ఉంటాడు. ఇక్కడే చేసుకో."

"మీరూ గ్లాయ్‌బిగేనా మేడమ్?"

"అయ్యో, మేం కాదు!"

ఆ మాట వేసిన బంతిలో, దాన్ని అనేవాళ్ళు మాత్రం కూర్చోరని అతనికి అప్పుడు తెలిసింది.

తిథినాటికి రంజాన్ నెల నడుస్తోంది. రమీజా తెల్లారకముందే అన్నం వండి పెట్టింది. "ఒక్కపొద్దులో ఉన్నా, రుచి చూళ్ళేదు. ఎంగిలి కాలేదులే."

మిద్దె గోడమీద పిండం పెడితే పావురాలు దిగినాయి. రామాంజులు తోలుతున్నాడు. కాకి ముట్టందే అమ్మకు అందినట్టు గాదు. గొంతు తడి లేకపోయినా రమీజా ఎండలో నిలబడి "కావ్ కావ్" అని పిలిచింది.

వెనక మేడమ్ చుట్టాలతో వచ్చింది. ఫోటోలకు ఫోన్లు లేచినాయి. వాళ్ళ భాషలో ఏమన్నారో గానీ, ఆ మాట మాత్రం రెండుసార్లు వినబడింది.

"యల్లా రామ్, కారు తియ్యి."

"నువ్వు పో నాయనా, కాకి వచ్చేదాకా నేనుంటా," అంది రమీజా.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా గోడ దగ్గరే ఉంది. కాకి ముట్టని మెతుకులు ఎండి రాళ్ళయినాయి.

మర్నాడు పొద్దున "టీ ఉందా అక్కా?" అన్నాడంతే. తర్వాత కారును గేటు దాటించి, మేడమ్ కంటికి కనబడని మలుపులో ఆపి, స్టీరింగుకు మొక్కుకున్నాడు.