వాగు మీద దారి

నాగమ్మ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. సంఘం మీటింగులో కూడా గోడకు ఆనుకుని నిలబడే మాట్లాడుతుంది. కోహీర్ దగ్గర ఓ చిన్న ఊరు వాళ్ళది. అక్కడి మహిళా సంఘానికి తొమ్మిదేళ్ళుగా ఆమే అధ్యక్షురాలు. బీడు పడ్డ చేలల్లో మళ్ళీ జొన్న, కంది వేయించింది. పోయిన వానాకాలం నుంచి మాత్రం ఆమెకు వాగు తప్ప వేరే ధ్యాస లేదు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం, బట్టలు కుట్టే అలీమాకు పురిటినొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగుతోంది. అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. నాగమ్మతో కలిపి సంఘం ఆడవాళ్ళు నలుగురు అలీమాను మంచంతో సహా ఎత్తుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగారు. నడివాగులో నాగమ్మ కాలు జారింది, మంచం ఒరిగింది. ఎలాగో నిలదొక్కుకున్నారు. జహీరాబాద్ దవాఖానలో బిడ్డ క్షేమంగానే పుట్టింది. అయినా మంచం ఒరిగిన ఆ క్షణం నాగమ్మను వదల్లేదు.

ఆఫీసుల చుట్టూ తిరిగింది. వంతెన ఇప్పట్లో రాదన్నారు. "దారి మనమే వేసుకుందాం" అంది సంఘంలో. పంచాయతీ సిమెంటు తూములు ఇచ్చింది, రాళ్ళు, చాకిరీ ఊరివి. వాగు సన్నగా ఉన్న చోటు రైతు చెన్నబసప్ప అల్లం చేను పక్కన. అతను ససేమిరా అన్నాడు.

"దారి ఎత్తు చేస్తే నీళ్ళు యాడికి పోతయి నాగమ్మా? నా చేన్లకే గద! అల్లం కుళ్ళిపోతది."

"మనుషుల కంటే అల్లం ఎక్కువాయెనా అన్నా?"

"జర వాన పడ్డనాడొచ్చి చూడు. అప్పుడు మాట్లాడు."

స్వార్థపరుడని మీటింగులో అందరి ముందూ తిట్టింది. కానీ అతనన్న మాట లోపల గుచ్చుతూనే ఉంది. మే నెలలో పెద్ద వాన కురిసిన రోజు ఆగలేక, తడుస్తూనే పరుగెత్తింది. దారి వేయకముందే వాగు నీళ్ళు అక్కడ మలుపు తిరిగి అల్లం మళ్ళ అంచును కోస్తున్నాయి. చెన్నబసప్ప గట్టు మీద నిలబడి ఉన్నాడు.

మర్నాడు సంఘంలో చెప్పింది: "తప్పు నాదే. అన్న చెప్పిందే నిజం."

"మరి ఎక్కడ ఏద్దాం అక్కా?" అంది అలీమా, చంకలో పాపతో.

వాగు ఎగువన యాభై అడుగుల దూరంలో ఒడ్డు ఎత్తుగా ఉంది, అడుగున బండ ఉంది. ఆ ఒడ్డు నాగమ్మదే. ఏళ్ళ తరబడి కూలి చేసి సంపాదించుకున్న ఎకరం జొన్నచేను.

"దారి నా చేన్లకెళ్లే పోనీయుండ్రి" అంది. భర్త ఇస్సాకు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు తనే గడ్డపార పట్టుకుని వచ్చాడు. చెన్నబసప్ప ట్రాక్టరుతో రాళ్ళు తోలాడు. తన తిట్లు గుర్తొచ్చి నాగమ్మ తల దించుకుంది. "ఫికర్ చెయ్యకు, పని కానీ" అన్నాడతను.

ఆషాఢంలో వాగు పొంగింది. దారి నిలిచింది. పాపకు సూది వేయించడానికి అలీమా ఆటోలో దాటుతుంటే అందరూ సంతోషంతో కేకలు వేశారు. నాగమ్మ చూపు మాత్రం దారికి ఎగువ పక్కన జారిపోతున్న మట్టి మీద ఉంది.

"ఇంకో రెండు ట్రిప్పుల రాళ్ళు పడాలె అన్నా" అంటూ అప్పుడే చెన్నబసప్ప ట్రాక్టరు వైపు నడక మొదలుపెట్టింది.